మూడో పిలుపుకు లేవని తల్లి

శనివారం మధ్యాహ్నం మూడయితే చాలు, జీవరత్నమ్మ కుట్టుమిషను తొక్కడం ఆపేసేది. చక్రం చప్పుడులో నంద్యాల బస్సు హారను వినపడదని ఆమె భయం. ఆ బస్సు శిరివెళ్ల దాటి తమ ఆళ్లగడ్డలో నిలబడేదాకా ఆమె ప్రాణం కుదుటపడేది కాదు. ఎదురుగా లారీ వస్తుందేమో, టైరు పేలుతుందేమో, పిల్ల కిటికీలో నుంచి చెయ్యి బయట పెట్టిందేమో. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. జీవరత్నమ్మ కీడెంచుతా ఉండగానే బస్సు వచ్చేసేది. మేలెంచడానికి ఆమెకు ఏనాడూ టైము చిక్కలేదు.

ఆ బస్సు దిగేది లీలావతి. ఒక్కతే కూతురు, ఇరవై ఒకటో ఏడు. నంద్యాలలో చిన్నపిల్లల బడిలో టీచరు. వారమంతా అక్కడ పెద్దమ్మ జయమ్మ ఇంట్లో ఉండి, శనివారం ఒంటిపూట బడి కాగానే తల్లి దగ్గరికి వచ్చేది. ఆదివారం సాయంత్రం మళ్లా బస్సెక్కేది. లీలావతికి ఆరేళ్లప్పుడు, రుద్రవరంలో బడి అయ్యవారుగా ఉన్న తండ్రి ప్రభుదాసు మూడు రోజుల జ్వరంతో పోయినాడు. మొదటి రోజు మామూలు జ్వరమే, ఏం కాదు అన్నది జీవరత్నమ్మే. ఆ మాట అన్నందుకే అట్లయిందని ఆమె ఇప్పటికీ లోపల నమ్ముతుంది.

అయిదో తరగతి చదువు ఆమెది. జాకెట్ల కొలతలు రాసుకోవడానికి, కూతురు వేసే కార్డులు కూడబలుక్కొని చదువుకోవడానికి అది సరిపోయేది. మిగిలిన ఆరు రోజులూ ఆ ఒక్క గదిలో మిషను, ఆమె, గుండీలు తెగిన చొక్కాలు. కుట్టించుకోను వచ్చినవాళ్లతో కొలత మాటే గానీ మనసు మాట ఉండేది కాదు. వారంలో జరిగిన ప్రతి చిన్న సంగతినీ దాచిపెట్టి, శనివారం లీలావతి పొయ్యి దగ్గర కూచొని కొర్రన్నం వండుతుంటే వరసగా చెప్పేది. లీలావతి ఊ కొడతా, మధ్యలో ఏదో పాట తీస్తా, మళ్లా ఊ కొట్టేది. ఆ ఊ కోసమే జీవరత్నమ్మ ఆరు రోజులు బతికేది. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు.

డెబ్భై ఎనిమిదో సంవత్సరం దసరా సెలవులు అయిపోయినాక ఒక కార్డు వచ్చింది. గుమ్మంలో వెలుతురుకు పట్టుకొని, వేలు పెట్టి చదివింది జీవరత్నమ్మ. నంద్యాల సమాధాన నాటక సంఘం వాళ్లు ఈ యేటి నాటకాలు ఖాయం చేసినారని రాసింది లీలావతి. క్రిస్మస్ మొదలుకొని మే నెల దాకా మొత్తం అయిదు. మాటల నాటకాలు మూడు: "ఉప్పు బండి", "అత్తగారి సాక్ష్యం", "మిద్దె మీద కాపురం". పాటల నాటకాలు రెండు: "కాపరి కూతురు", "కుందేరు దాటినాక". కాపరి కూతురు వేషం నాకే అనుకుంటున్నారమ్మా, పదకొండు పాటలు ఉన్నాయి, రిహార్సల్సు శనివారం మధ్యాహ్నం, ఆదివారం ఆరాధన అయినాక. పట్టీ చదివే రోజు నువ్వొచ్చి ఒప్పుదల చెప్పాల. అంతే రాసింది. కార్డులో ఇంక చోటు లేదు.

ఒప్పుదల అంటే ఆ సంఘంలో ఒక కట్టుబాటు. సంఘమంటే ఏం పెద్ద సంఘం కాదు. చర్చి గుడికి వచ్చే బడి అయ్యవార్లు, ఒక కాంపౌండరు, నూనె మిల్లు గుమాస్తా, హార్మోనియం వాయించే జకరయ్య, అందరికీ పెద్ద అయిన శాంతయ్య సారు. చాలా ఏండ్ల కింద ఒక నాటకం నడిమధ్యలో రాజు వేషగాని తండ్రి కోయిలకుంట్ల నుంచి ఎద్దులబండి కట్టుకొని వచ్చి, శనగ చేనుకు మనిషి లేక నేను చస్తాంటే నువ్వీడ రాజ్యాలు ఏలుతాండావా అని కొడుకు చెవి పట్టుకొని దింపుకొని పోయినాడు. రాజు కిరీటంతోనే బండెక్కినాడు. జనం అది కూడా నాటకమే అనుకొని చప్పట్లు కొట్టినారు. అప్పటి నుంచి, కోతల పండుగ అయిన మరుసటి ఆదివారం గుడి ఆవరణలో వేషాల పట్టీ చదువుతారు. ఒక్కో పేరు చదివినప్పుడు ఆ ఇంటి పెద్ద లేచి, మా ఇంటి ఒప్పుదల ఉంది అని నలుగురిలో చెప్పాల. మూడుసార్లు పిలుస్తారు. ఎవరూ లేవకపోతే వేషం ఇంకొకరికి పోతుంది. కాగితం మీద రాసి పంపితే చెల్లదు. పెండ్లయిన మగవాళ్లకు పెండ్లాలు లేచి చెప్పాల. కన్నతల్లో తండ్రో ఆవరణలో ఉంటే ఇంక వేరే ఎవరి మాటా చెల్లదు.

ఆ కార్డు చదివినప్పటి నుంచి జీవరత్నమ్మకు కుట్టు వంకర పోయింది. ఒక జాకెట్టుకు రెండు చేతులూ కుడి చేతులే కుట్టింది. పెట్రోమాక్సు లైటు పక్కన నిలబడితే చీర కొంగు అంటుకోదా. బల్లలు పేర్చి కట్టిన వేదిక విరిగితే నడుము ఏం కావాల. పదకొండు పాటలు గొంతు చించుకొని పాడితే రక్తం పడదా. నాటకాల పిల్ల అని ఒక్కసారి పేరు పడితే రేపు ఎవడు చేసుకుంటాడు. ఇట్ల రోజుకొకటి తోడుకొని, పక్కింటి మరియమ్మకు చెప్పింది. మరియమ్మ అంతా విని, కాపరి కూతురంటే గొర్రెలు కూడా ఎక్కిస్తారా బల్లల మీద, అట్లయితే విరిగేది నిజమే అనింది. ఆ ఎగతాళికి జీవరత్నమ్మ నవ్వలేదు. మరియమ్మ పోయినాక మాత్రం గోడకున్న క్యాలెండరు తీసి, డిసెంబరు దాటినాక వేళ్ల మీద, నవంబరు నుంచి మే దాకా శనివారాలు లెక్కపెట్టింది. ముప్పై. అన్ని భయాల కింద అసలు భయం అదే.

పోకుండా ఊరుకుందామా అని మొదట అనుకుంది. పోకపోతే కాదన్నట్టూ కాదు, ఔనన్నట్టూ కాదు. అయితే తను పోకపోతే అక్క జయమ్మ ఉంది గదా. పిల్ల వాళ్లింట్లోనే ఉంటాంది. టకీమని లేచి ఒప్పుదల చెప్పేస్తుంది. అందుకని పోవాలనే నిర్ణయించుకుంది. పోయి కూచోవాల. కూచొని లేవకూడదు. కన్నతల్లి ఉండగా ఇంకెవరూ లేవలేరు. నోరు తెరిచి వద్దనే పని కూడా లేదు.

ఆదివారం పొద్దున బస్సుకు నంద్యాల చేరింది. ఆరాధన అయినాక ఆవరణలో బెంచీలు వేసినారు. లీలావతి ముందు వరసలో ఆడపిల్లలతో కూచుంది. తల్లి వచ్చిందని చూసి, పండ్లు కనపడేలా నవ్వి, మళ్లా ముందుకు తిరిగింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆ చీర జాకెట్టు జీవరత్నమ్మ కుట్టిందే.

శాంతయ్య సారు కండ్లద్దాలు సర్దుకొని పట్టీ అందుకున్నాడు. "ఉప్పు బండి"లో సాహుకారు వేషం కాంపౌండరుది. ఆయన భార్య లేచి, ఒప్పుదల ఉంది గానీ మీసం మాత్రం గీకకూడదు సారూ, పోయిన యేడు గీకినాక మా పిల్లలు దగ్గరికి పోలేదు అనింది. ఆవరణంతా నవ్వింది. గుమాస్తా తల్లి, ఎనభై ఏండ్ల ముసలామె, వాని పేరు చదవకముందే లేచి ఉంది ఉంది అనింది. వాండ్లను చూస్తాంటే జీవరత్నమ్మకు అదేదో సులువైన పని మాదిరే కనపడింది. లేచి నాలుగు మాటలు అనడమే.

శాంతయ్య సారు "కాపరి కూతురు" పట్టీకి వచ్చినాడు. కాపరి కూతురు, మల్లెల లీలావతి అని చదివినాడు. చదివి తలెత్తి చూసినాడు.

జీవరత్నమ్మ కింద బెంచీ పలకను రెండు చేతులతో పట్టుకుంది.

రెండోసారి చదివినాడు. పక్కనున్న జయమ్మ మోచేత్తో పొడిచింది. "లెయ్, నిన్నే," అనింది చిన్నగా. జీవరత్నమ్మకు ఆ క్షణంలో వేదికా పెట్రోమాక్సూ ఏవీ గుర్తుకు రాలేదు. మూడు గంటలకు మిషను ఆపి కూచున్న తన గది ఒక్కటే కనపడింది. బస్సు వచ్చి, మనుషులంతా దిగి, వెళ్లిపోయినాక కూడా అట్లే కూచున్న తను కనపడింది.

మూడోసారి పిలిచేముందు శాంతయ్య సారు కొంచెం ఎక్కువసేపే ఆగినాడు. మంచి మనిషి. లీలావతి మాత్రం వెనక్కి తిరగలేదు. ఆమె మెడ మీద జడ కదలకుండా ఉంది. మూడోసారి పిలిచినాడు. ఆవరణలో ఒక పసిబిడ్డ ఏడ్చింది, వాళ్లమ్మ ఊరుకోబెట్టింది. శాంతయ్య సారు పెన్సిలుతో పట్టీ మీద గీత గీసి, కింది పేరు చదివినాడు. రూతు. ఆ పిల్ల తండ్రి, హార్మోనియం జకరయ్య లేచి, మా ఇంటి ఒప్పుదల ఉంది అన్నాడు. అతని గొంతులో సంతోషం కంటె సిగ్గు ఎక్కువగా ఉంది.

తరువాత లీలావతి అందరితో పాటు టీ గ్లాసులు అందించింది. తల్లికి కూడా ఇచ్చింది. పెద్దమ్మ ఇంట్లో అన్నం తిని పో అనింది. జయమ్మ ఊరుకోలేదు. "నోట్లో ముత్యాలేమన్నా పెట్టుకున్యావా? తెరిస్తే రాలిపోతాయని మూసుకున్యావా?" అని గుడి గేటు దాటేదాకా అడిగింది. జీవరత్నమ్మ, అగ్గి దగ్గర పనక్కా, ఆడపిల్ల అక్కా, అనింది. జయమ్మ చెల్లెలి మొహంలోకి ఒకసారి చూసి, ముందుకు నడిచింది.

మరుసటి శనివారం లీలావతి ఎప్పటి బస్సుకే వచ్చింది. ఆ తరువాత శనివారమూ వచ్చింది. జీవరత్నమ్మ కోపతాపాలకు సిద్ధపడే ఉంది. ఏడుస్తుందేమో, అలుగుతుందేమో, ఒక పూట అన్నం మానేస్తుందేమో అని సమాధానాలు కూడా కూర్చి పెట్టుకుంది. లీలావతి ఏమీ చెయ్యలేదు. బియ్యం ఏరింది, నీళ్లు చేదింది, జాకెట్లకు హుక్కులు కుట్టిపెట్టింది. తల్లి వారం సంగతులు చెబుతుంటే ఊ కొట్టింది. పాట ఒక్కటే తియ్యలేదు. ఊ, ఊ అనే మాటల మధ్య ఇదివరకు పాట ఉండిన చోట పొయ్యిలో కట్టె చిటచిటలాడేది. జీవరత్నమ్మ చెప్పే సంగతులు తొందరగా అయిపోయేవి. ఇంట్లో ఇద్దరు ఉండి కూడా దీపం పెట్టే వేళకు ఏం తోచేది కాదు. తిట్టుకునుంటే బాగుండు అనిపించేది.

జనవరిలో, ఆదివారం సాయంత్రం సంచీ సర్దుకుంటా లీలావతి చెప్పింది.

"వచ్చే శనివారం నుంచి రానుమా."

జీవరత్నమ్మ చేతిలో దారం తెగింది. "ఏంటికి?"

"రిహార్సలుకు పోవాల."

"నీకు వేషం ల్యా గదా."

"తెర ఎనక పని. దానికి ఎవరి ఒప్పుదలా అడగరు. మొహం కనపడేవాళ్లకే ఆ రూలు."

ఏం పని అని అడిగింది తల్లి. ఏదో ఒకటి, అందరికీ చేదోడుగా ఉంటా అనింది లీలావతి. అగ్గి గిగ్గీ ఉంటాదేమో అని జీవరత్నమ్మ మొదలుపెట్టింది. లీలావతి సంచీ భుజాన వేసుకొని, తల్లి మొహం చూసి, చాలా మెత్తగా, "నాకు తెలుసుమా నీ బయం ఏందో," అనింది. అది కోపంగా అన్నా బాగుండేది. జీవరత్నమ్మ తల వంచుకొని, తెగిన దారం సూదిలోకి ఎక్కించను చూసింది. ఎంతకూ ఎక్కలేదు. తల ఎత్తేసరికి పిల్ల బస్సుకు వెళ్లిపోయింది.

ఆ పైన శనివారాలు ఎట్ల గడిచినాయో చెప్పడానికి ఏమీ లేదు. మూడు గంటలకు కాలు దానంతట అదే ఆగిపోయేది. మళ్లా తొక్కేది. బస్సు హారను వినపడినా తొక్కేది. దాచిపెట్టుకున్న సంగతులు రెండో వారానికి పాతవయినాయి. మూడో వారానికి దాచిపెట్టుకోవడమే మానేసింది. మరియమ్మ అప్పుడప్పుడు వచ్చి, నీ కూతురు ఎప్పుడు వస్తాది అని అడిగేది. నాటకాలు అయినాక అని చెప్పేది. ఏం వేషం అంటే, తెర వెనక వేషం అనేది.

మార్చి నెల రెండో ఆదివారం "కాపరి కూతురు" ఆడతారని జయమ్మ కార్డు వేసింది. నువ్వు వస్తే రా, రాకపోతే మానుకో అని కూడా రాసింది. జీవరత్నమ్మ కూతురికి చెప్పకుండా బయలుదేరింది. పోతాండేది నాటకం చూడను కాదు, వేదిక గట్టిగా కట్టినారా లేదా చూడను అని బస్సులో తనకు తాను చెప్పుకుంది. ఎండకు బస్సు రేకు కాలిపోతాంది. శిరివెళ్ల దగ్గర పది నిమిషాలు ఆగితే, ఇంజను చెడిపోయింది, ఇంక అయిపోయింది అనుకుంది. ఏం చెడిపోలేదు. డ్రైవరు నీళ్లు తాగి వచ్చినాడు.

నాటకం మధ్యాహ్నం మూడింటికి, బడి మైదానంలో చలువ పందిరి కింద. జీవరత్నమ్మ వెనక వరసలో, సంజామల నుంచి బంధువుల ఇంటికి వచ్చిన ఒక పెద్దామె పక్కన కూచుంది. గంట కొట్టినారు. తెర పక్కకు పోయింది. రూతు నీలం పావడా కట్టుకొని, చేత కర్ర పట్టుకొని వచ్చింది. బాగానే ఉంది పిల్ల. బిత్తరపోకుండా నిలబడింది. హార్మోనియం మొదలైంది. రూతు నోరు తెరిచింది.

వచ్చిన గొంతు లీలావతిది.

జీవరత్నమ్మ అటూ ఇటూ చూసింది. ఎవరికీ ఏ ఆశ్చర్యమూ లేదు. జనమంతా రూతు మొహం చూస్తాండారు. రూతు పెదవులు పాటకు సరిగ్గా కదులుతాండాయి. చెయ్యి ఆడించాల్సిన చోట ఆడిస్తాంది. గొంతు మాత్రం వేదిక ఎడమ పక్కన, తెర మడత వెనక నుంచి వస్తాంది. పొయ్యి ముందర ఊ కొడతా తీసే పాట కాదు ఇది. ఆ గదిలో ఈ గొంతు ఇంత పెద్దగా ఎప్పుడూ రాలేదు, రావడానికి ఆ గది చాలేది కూడా కాదు. తప్పిపోయిన మేకపిల్లను కొండకొండా తిరిగి పిలిచే పాట. పై స్థాయికి పోయినప్పుడు గొంతు తెగుతుందని జీవరత్నమ్మ భయపడి కండ్లు మూసుకుంది. గొంతు తెగలేదు. అక్కడే నిలబడి, నిదానంగా దిగి వచ్చింది.

పదకొండు పాటలూ అట్లే పోయినాయి. ఏడో పాటకు పక్కనున్న పెద్దామె కండ్లు తుడుచుకొని, "ఎవరి బిడ్డోమ్మా, జల్లెడ పట్టిన పిండి మాదిరి ఉండాది గొంతు," అనింది.

"నా బిడ్డే," అనింది జీవరత్నమ్మ. అనాలని అనలేదు. వచ్చేసింది.

ఆ పెద్దామె వేదిక మీది రూతును చూసి, తిరిగి జీవరత్నమ్మ మొహం చూసి, "నీ పోలిక ఒక్కటీ ల్యా. తండ్రి పోలికేమో," అనింది.

జీవరత్నమ్మ వేదిక వైపు తిరిగింది.

నాటకం అయిపోయినాక శాంతయ్య సారు వేషగాళ్లందరినీ వరసగా నిలబెట్టి, పేరు పేరునా చదివి, వాళ్ల అమ్మానాన్నలను కూడా లేచి నిలబడమన్నాడు. జకరయ్య హార్మోనియం దగ్గరే నిలబడినాడు. రూతు మెడలో చామంతి దండ వేసినారు. తెర వెనకాల వాళ్ల పేర్లు చదివే పద్ధతి లేదు. పెద్దామె పక్కకు తిరిగి, నువ్వు లెయ్యవేందమ్మా అనింది. జీవరత్నమ్మ చెప్పు వెతుక్కుంటున్నట్టు కిందికి వంగింది.

జనం కదిలినాక వేదిక వెనక్కి పోయింది. ఇంకా ఎండ ఉంది. రేకు పెట్టె మీద కూచొని, గొంతుకు తడిబట్ట చుట్టుకొని, లీలావతి గ్లాసులో వేడినీళ్లు తాగుతాంది. పక్కన ఎవరో ఏదో అంటే పకపకా నవ్వుతాంది. తల్లిని చూడగానే నవ్వు ఆగిపోయి, లేచి నిలబడింది.

"ఏమైందిమా? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. నాటకం చూడను వచ్చినా."

"విన్యావా?"

"విన్యా. నువ్వే గదా."

లీలావతి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గట్టిగా అనగాకమా. బయటివాళ్లకు తెలిస్తే రూతుకు బాగుండదు. పాపం దానికి పాట రాదని ఎన్నిసార్లు ఏడ్చిందో."

జీవరత్నమ్మ తల ఊపింది. బస్సులో కూర్చుకొని రాని మాట, ఇప్పుడే నోటికి వచ్చిన మాట ఒకటి ఉంది. పెట్టె మూలను తడుముతా చివరికి అనింది.

"వచ్చే యేడు పట్టీ చదివేటప్పుడు నేను లేస్తా లీలా. మొదటి పిలుపుకే లేస్తా."

లీలావతి తల్లి చెయ్యి పట్టుకుంది.

"వచ్చే యేడు పట్టీలో నా పేరు పెట్టొద్దని శాంతయ్య సారుకు చెప్పేసినానుమా. ఈడనే బాగుండాది నాకు. ఎవరూ లేచే పని ల్యా, ఎవరి కోసరమూ ఎదురుచూసే పని ల్యా."

మాటలో ముల్లు లేదు. నిజంగానే చెప్పింది. అంతలో వేదిక మీద నుంచి ఎవరో లీలా, తెర విప్పాల, రా అని కేకేసినారు. ఉండుమా, ఇప్పుడే వస్తా అని, చేతిలోని గ్లాసు తల్లికి ఇచ్చి, చీర కుచ్చిళ్లు దోపుకొని మెట్లెక్కింది. పైన నలుగురు తెర తాడు పట్టుకొని ఉన్నారు. లీలావతి అయిదో మనిషిగా పోయి కలిసింది.

గ్లాసులో నీళ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. జీవరత్నమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకొని నిలబడింది. బల్లలు మోసేవాళ్లు పక్కకు జరగమంటే జరిగింది. ఆ పెట్టెను కూడా ఎత్తుకొని పోయినారు. గ్లాసు ఎవరిదో, ఎక్కడ పెట్టాలో అడుగుదామంటే అక్కడ ఆమెకు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు.